ఆటిజం పిల్లల చదువును పదాల లెక్కతో కొలవకండి

సంపాదకులకు నమస్కారం.

రెండో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలన్నది 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం. అర్థం మాట అందులో ఉన్నా, తరగతిలో గడియారం పెట్టి లెక్కించడానికి దొరికేవి పదాలే. ఆటిజం ఉన్న పిల్లల దగ్గర ఈ లెక్క చాలాసార్లు మోసం చేస్తుంది. వాచకం గడగడా చదివేసిన పిల్లవాడి పేరు పక్కన ‘చదవగలడు’ అని రాసేస్తే అతనికి అందాల్సిన సాయం అక్కడితో ఆగిపోతుంది. మాటలు రాని పిల్ల పేరు పక్కన ‘చదవలేదు’ అని రాస్తే అసలు మొదలే కాదు.

ఇంగ్లండ్‌లో పరిశోధకురాలు కేట్ నేషన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో ఆటిజం ఉన్న 41 మంది పిల్లలను పరీక్షించారు. కొందరు అసలు చదవలేకపోయారు. చదవగలిగినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి అర్థం చేసుకోవడంలో ఇబ్బంది కనిపించింది. పదాలు తప్పులేకుండా పలికినవాళ్లు కూడా అందులో ఉన్నారు. 2013లో 36 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది ఇది: అర్థం అందడం, అందకపోవడం ప్రధానంగా పిల్లల పదసంపద మీద, అక్షరాలు కూడబలుక్కునే నేర్పు మీద ఆధారపడుతుంది. కేవలం ఆటిజం ఉందన్న ముద్రను బట్టి ఏదీ చెప్పలేం.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడం కష్టం కాదు. వాచకంలో లేని కథలు రెండు తీసుకోండి, ఒక్కొక్కటి ఐదారు వాక్యాలు. ఒకరోజు మీరు చదివి వినిపించి ప్రశ్నలు అడగండి, మరోరోజు రెండో కథను బిడ్డతో చదివించి అడగండి. వింటే అర్థమై, చదివితే కాకపోతే గుణింతాలు, ఒత్తుల మీద పని చేయాలి. విన్నా, చదివినా అర్థం కాకపోతే లోపం భాషలో ఉంది. అక్కడ ఇంకో వందసార్లు గుణింతాలు దిద్దించినా ఫలితం ఉండదు. జవాబు నోటితోనే చెప్పాలని పట్టుబట్టకండి, మూడు బొమ్మల్లో ఒకటి చూపిస్తే చాలు. ‘ఏడ్చిందా, నవ్విందా?’ అని అడిగితే చాలామంది చివరి మాటనే తిరిగి అంటారు. అదే ప్రశ్నను కాసేపాగి తిరగేసి అడిగితేగానీ నిజం తెలియదు. ‘ఎవరు’, ‘ఎక్కడ’ ప్రశ్నలకు పాఠంలోని మాటలు పోల్చుకుని జవాబు పట్టేయొచ్చు. ‘ఎందుకు’ అన్నప్పుడే అర్థం బయటపడుతుంది.

కెనడాలో 2004లో ఓకానర్, క్లైన్ అనే పరిశోధకులు ఆటిజం ఉన్న 20 మంది కౌమారుల మీద మూడు పద్ధతులు పరీక్షించారు. చదివే ముందు ప్రశ్నలడగడం, ఖాళీలు పూరించడం పెద్దగా పనిచేయలేదు. ‘అతడు’, ‘ఆమె’ లాంటి సర్వనామం కింద గీత గీసి, అది ఎవరో మూడు పేర్లలోంచి ఎంచుకోమన్నప్పుడు మాత్రం మేలు కనిపించింది. తెలుగులో ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు వాడితే సగం పనే అవుతుంది, ఎందుకంటే మనం కర్తను తరచుగా వదిలేస్తాం. ‘లత బల్లిని చూసి కేక వేసింది. గబగబా గోడ ఎక్కింది.’ ఎక్కింది ఎవరు? ఆడపిల్లకైనా, బల్లికైనా, బస్సుకైనా క్రియ చివర అదే ‘ఇంది’. కాబట్టి మన పాఠాల్లో గీత క్రియ కిందే పడాలి. దాని కింద లత, బల్లి, అమ్మ అని రాయండి. సరైనది ఎంచుకున్నాక ఆ పేరు పెట్టి వాక్యాన్ని మళ్లీ చదివించండి. ఒక పాఠంలో రెండు మూడు చోట్ల చాలు, అంతకన్నా ఎక్కువ ఆపితే కథ తెగిపోతుంది. అదే కథ రోజుల తరబడి వాడితే జవాబులు కూడా కంఠస్థం అవుతాయి, కథ మార్చాలి.

మాటలు వచ్చాక అక్షరాలు నేర్పుదామని ఆగడం అన్యాయం. మాట్లాడని బిడ్డ ముందు మూడు పదాల కార్డులు, ఒక బొమ్మ పెట్టి, ఆ బొమ్మకు సరిపోయే కార్డు చూపించమనండి. ప్రతిసారీ కార్డుల స్థానం మార్చండి, లేకపోతే ‘కుడివైపుది’ అన్నది మాత్రమే నేర్చుకుంటారు. కనీసం పది సెకన్లు ఆగండి. చెయ్యి పట్టుకుని చూపించకండి, అప్పుడు ఆ జవాబు మీదవుతుంది. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిషే మాట్లాడమనే సలహా కూడా తల్లిదండ్రులు వినక్కర్లేదు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల భాష దెబ్బతింటుందని పరిశోధనల్లో తేలలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను మేము కోరేది ఇది: ఈ పిల్లల మూల్యాంకన పత్రంలో ‘విని అర్థం చేసుకోవడం’, ‘చదివి అర్థం చేసుకోవడం’ అని రెండు గడులు విడిగా పెట్టాలి, బొమ్మ చూపించి ఇచ్చిన జవాబునూ లెక్కలోకి తీసుకోవాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల టీచర్లకు ఈ రెండు కథల పరీక్ష చేయడంలో శిక్షణ ఇచ్చి, దాని ఫలితాన్ని తరగతి టీచరుకు రాతపూర్వకంగా అందించాలి.

– ప్రత్యేక ఉపాధ్యాయులు, స్పీచ్ థెరపిస్టుల బృందం, హైదరాబాద్