మగడిక్గాడి ట్రిప్ ఎప్పుడు పెట్టుకుందాం?

అందరికీ నమస్కారం. బోట్స్వానాలోని మగడిక్గాడి ఉప్పు మైదానాలకు జనవరి, మార్చి మధ్యలో వెళ్దామని నా మాట. వానలకు అక్కడ పచ్చిక మొలుస్తుంది, బొటేటి నది వైపు నుంచి వేల జీబ్రాలు మేతకు వస్తాయి. నీటి గుంటలు ఎండిపోగానే మళ్లీ నది ఒడ్డుకే. నాటా ఊరి దగ్గర, ఈ మైదానాల్లో భాగమైన సువా పాన్‌లో నీళ్లు నిలిస్తే ఫ్లెమింగోలు కూడా దిగుతాయి. వానలు సరిగా పడని ఏడాది అవి కనిపించకపోవచ్చు, ముందే చెబుతున్నా.

అసలు టెన్షన్ దారి గురించే. తడిసిన ఉప్పు నేల పైకి గట్టిగానే ఉంటుంది, కింద అంతా బురద. జీపు దిగబడితే లాగడానికి చుట్టుపక్కల మనిషి ఉండడు. సొంత డ్రైవింగ్ వద్దు, లోకల్ గైడ్‌తోనే వెళ్దాం. క్వాడ్ బైకులు (నాలుగు చక్రాల బైకులు) కావాలనే కుర్రకారు నేల ఎండి ఉండే జూలై, ఆగస్టుల్లో విడిగా వెళ్లండి బాబూ! అక్కడి మౌన్ పట్నం దాకా విమానం ఉంది. మలేరియా మాత్రల సంగతి డాక్టర్‌ని అడగండి. వచ్చేవాళ్లు ఆదివారంలోగా పేరు చెప్పండి.