స్పీకరు గారి ఓటు

అమలాపురం

ఒరేయ్ బావా,

ఉత్తరం ఆలస్యమైంది, తిట్టుకో. అమ్మ కులాసా. చెల్లి పురిటికి వచ్చింది. కోతలయ్యాయి, ధర సంగతి అడగకు. గొడుగు మాస్టారు ఇప్పుడు నిజంగానే గొడుగు కొన్నారు!

అసలు సంగతి విను. మొన్న దొడ్లో కొబ్బరి దింపు తీయించాం. అరుగు మీద పేపరు చదువుతున్న బాబాయ్, "రాష్ట్రపతి తలచుకుంటే ఏ ప్రభుత్వాన్నైనా ఒక్క సంతకంతో ఇంటికి పంపేస్తాడు" అని తీర్పిచ్చేశాడు. ఆయన తీర్పుకి అప్పీలు లేదని నీకు తెలుసుగా! కాయలు ఒలుస్తున్న మేస్త్రి గునపం దగ్గర నుంచి తలెత్తకుండానే అందుకున్నాడు.

"అలా కుదరదండి. రాష్ట్రపతి మంత్రుల సలహా ప్రకారం నడవాలి, మంత్రులేమో లోక్‌సభకి జవాబు చెప్పాలి. అక్కడ బలం పోతేనే ఇంటికి. మన బాలయోగి గారు స్పీకరుగా ఉన్నప్పుడు చూడలేదా?"

ఇక ఆగితేనా! 1999 ఏప్రిల్ 17. అన్నాడీఎంకే మద్దతు తీసేస్తే, రాష్ట్రపతి నారాయణన్ గారు వాజపేయి గారిని సభలో బలం చూపించమన్నారు, అంతే. అనుకూలం 269, వ్యతిరేకం 270. గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒరిస్సా ముఖ్యమంత్రి, ఎంపీ పదవి మాత్రం వదల్లేదు, వచ్చి వ్యతిరేకంగా ఓటేశాడు. తగువు స్పీకరు దగ్గరికొస్తే బాలయోగి గారు అతని మనస్సాక్షికే వదిలేశారు.

మేస్త్రి పీచు అంటిన చేత్తో ఒక కాయ ఎత్తి చూపించాడు. "ఈ ఒక్కటీ పడకపోతే రెండు రాశులూ సమానం. సమానమైతేనే స్పీకరు ఓటు. అప్పుడు ఢిల్లీ సర్కారు నిలబడాలో పడాలో తేల్చేది మన అమలాపురం ఎంపీ గారేనండి!"

బావా, పాఠం బట్టీపట్టిన మనకి ఈ లెక్క ఎప్పుడైనా తట్టిందా?

"మరి రాజ్యసభ ఎందుకోయ్?" అని బాబాయ్ ఎదురు తిరిగాడు. "ప్రభుత్వాన్ని దింపడం దాని పని కాదండి. డబ్బు బిల్లయితే 14 రోజుల్లో తిప్పి పంపేయాలి. రాజ్యాంగం మార్చాలంటే మాత్రం దాని ఊఁ కూడా కావాలి."

తర్వాత 2002లో కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి బాలయోగి గారు పోయిన మాట వచ్చింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అమ్మ మజ్జిగ తెచ్చింది.

గమాంగ్ ఓటు మాత్రం, చట్టం ఒప్పుకున్నా, నాకు మింగుడు పడటం లేదురా. ఒక రాష్ట్రాన్ని ఏలుతూ ఢిల్లీలో... నువ్వు లా చదివావు, నువ్వే చెప్పు. బాబాయ్ ఇంకా ఓటమి ఒప్పుకోలేదు, నిన్న భోజనాల దగ్గర అత్యవసర పరిస్థితి తీశాడు, అది మళ్ళీ

తమ్ముడు రాజమండ్రి బస్సుకి బయల్దేరాడు, కవరు లాక్కుంటున్నాడు. ఉంటాను.

నీ బావ