నోటిపూతకు యాంటీబయాటిక్ మాత్రలెందుకు?

సంపాదకుల వారికి,

ఎండలు ముదిరినప్పుడు మా హనుమకొండ, వరంగల్ మందుల దుకాణాలలో నోరు పూసిందని చెప్పిన వారికి డాక్టరు చీటీ లేకుండానే యాంటీబయాటిక్ మాత్రలు చేతిలో పెట్టడం తరచుగా చూస్తున్నాను. మామూలు నోటిపూత బ్యాక్టీరియా వల్ల వచ్చేది కాదు కనుక ఆ మాత్రలతో ఒరిగేదేమీ లేదు. ఒకటి రెండు వారాలలో అది దానంతటదే మానుతుంది.

అంతవరకు గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి, రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలించి ఉమ్మివేస్తే నొప్పి తగ్గుతుంది. పచ్చికారం, చింతపండు పులుసు కొన్నాళ్లు పక్కన పెట్టి, పెరుగన్నంతో సరిపెట్టుకోవడం (మన జిల్లాలో ఇదే కష్టమైన పథ్యం) మేలు. పూతకు తేనె రాయవచ్చు గాని, ఏడాది నిండని పసిపిల్లలకు రాయరాదు. మాటిమాటికీ పూస్తుంటే ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 లోపించాయేమో రక్తపరీక్షతో తెలుసుకోవాలి.

నా అసలు ఆందోళన వేరు. ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక హమాలీ, ఎడమ దవడకు పుండు ఉన్నందున గుట్కాను కుడి దవడకు మార్చుకొని, పుండుకు పూసే జెల్ అడగడం చూశాను. మూడు వారాలు దాటినా మానని పుండును, నొప్పి లేకపోయినా సరే, ఎం.జి.ఎం. వంటి పెద్దాసుపత్రిలో వెంటనే చూపించుకోవాలి. అది క్యాన్సర్ కావచ్చు. ఈ గడువును మందుల దుకాణాలలో బోర్డుపై రాసిపెట్టేలా ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, హనుమకొండ