నక్కల ఏరు

చిట్టితల్లి లలితకు,

మొన్న ఆఫీసు కార్డు మీద నీ పేరు ‘రరిత’ అని పడిందని ఫోన్లో ఒకటే గొణిగావు. ఆ జపాన్ వాళ్ళ లిపిలో ‘ల’ లేకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారే? నువ్వుండే ఉత్సునోమియా పక్కనే ఒక ఊరుంది, కిత్సురెగవ. దాని పేరు ఇంతకన్నా చిత్రంగా మారింది.

కిత్సునె అంటే నక్క, కవ అంటే ఏరు. మొదట అది కిత్సునెగవ, నక్కల ఏరు అని చెబుతారు. ‘నె’ కాస్తా ‘రె’ అయింది. రాతలో నక్క అక్షరం పోయి, ‘సంతోషం’, ‘వెంట తెచ్చు’ అనే అర్థాలున్న అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. కరణంగారు పుస్తకంలో ఊరిపేరు సంస్కరించినట్టే!

ఆ ఊరే ఒక సంస్థానం కూడా. ఒకప్పుడు షోగున్లుగా, అంటే సేనాధిపతులుగా దేశాన్ని ఏలిన అషికగ వంశం చీలిపోయి చితికిపోతే, 1590 ప్రాంతంలో దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న హిదెయోషి రెండు శాఖల పిల్లలకు పెళ్ళి చేసి ఇక్కడ భూమి ఇచ్చాడు. పెళ్ళికూతురు మాత్రం కాపురానికి రానేలేదు, పుట్టింటి కోగాలోనే ఉండిపోయింది. పెళ్ళికొడుకు 1593లో పోయాడు. అతని తమ్ముడి వంశమే ఊరిపేరును ఇంటిపేరుగా పెట్టుకుని నిలిచింది.

అసలు విడ్డూరం ఇప్పుడు విను. ఒక కోకు అంటే ఒక మనిషికి ఏడాదికి సరిపోయే బియ్యం, సుమారు 150 కిలోలు. 10,000 కోకుల రాబడి ఉంటేనే దైమ్యో, అంటే సంస్థానాధీశుడు. వీళ్ళకు 5,000 మించి లేదు. అయినా తర్వాత షోగున్లయిన తొకుగవ వాళ్ళు 100,000 కోకుల ప్రభువుకు చేసే మర్యాద చేశారు. తక్కిన దైమ్యోల్లా వంతులవారీగా షోగున్ రాజధాని ఎదోకు (ఇప్పటి టోక్యోకు) వెళ్ళి కాపురముండే బెడద కూడా లేదు. నక్క తోక తొక్కిన సంస్థానమంటే ఇదే. ‘పేరు గొప్ప, ఊరు దిబ్బ’ అంటే వాళ్ళకు కోపమొస్తుందేమో గానీ, నాకైతే ఆ దర్జా నచ్చింది.

షోగున్ల పాలన పోయి చక్రవర్తి పాలన వచ్చిన మెయిజీ కాలంలో వాళ్ళు మళ్ళీ అషికగ అయ్యారు. ఊరు 2005లో పక్కనున్న ఉజియెతో కలిసి సకుర నగరమైంది. ఈసారి అర్థాల అక్షరాల జోలికే పోకుండా ఉత్త హిరగానాలో, అంటే శబ్దాన్ని మాత్రమే చెప్పే అక్షరాల్లో రాసుకున్నారు.

ఊళ్ళోకి రైలు లేదు, ఉజియెలో దిగి వెళ్ళాలి. వేడినీటి బుగ్గలున్నాయట, ఒక ఆదివారం వెళ్ళిరా. ఆ ఏటి ఫొటో పంపు, నీ కార్డుది కూడా.

మీ నాన్న