కోర్సు ఇంగ్లీషులోనే, బతకడం మాత్రం జర్మన్‌లో

సంపాదకులు గారికి నమస్కారములు.

ఈమధ్య తిరుపతిలో ఏ వీధికి వెళ్లినా జర్మనీ చదువుల బోర్డులే కనిపిస్తున్నాయి. ఫీజు లేదు, ఇంగ్లీషు వస్తే చాలు, జర్మన్ నేర్చుకోనక్కరలేదు అన్నది వాటి సారాంశం. నేను కొర్లగుంటలో పుట్టి పెరిగి, ఇక్కడే బీటెక్ పూర్తిచేసి, 2024 అక్టోబరులో జర్మనీ తూర్పు భాగంలోని లైప్‌జిగ్ నగరానికి మాస్టర్స్ చదవడానికి వెళ్లాను. మూడు సెమిస్టర్లు ముగించుకుని సెలవులకు వచ్చిన ఈ పది రోజుల్లోనే, పిల్లలను అక్కడికి పంపాలనుకుంటున్న నలుగురు తల్లిదండ్రులు మా ఇంటికి వచ్చి వివరాలు అడిగారు. భాష సంగతి ఒక్కరూ అడగలేదు. అందుకే ఈ లేఖ.

ఫీజు మాట చాలావరకు నిజమే. ఎక్కువ రాష్ట్రాల్లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో బోధన రుసుము లేదు. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి మనవంటి విదేశీ విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటున్నది. అయితే వీసా కోసం ఒక ప్రత్యేక ఖాతాలో ఏడాది ఖర్చుకింద 11,904 యూరోలు, అంటే మన లెక్కలో పదకొండు పన్నెండు లక్షల రూపాయలు, ముందే జమచేసి చూపించాలి. అక్కడికి చేరాక అందులోనుంచి నెలకు 992 యూరోలు మాత్రమే మన చేతికి ఇస్తారు. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసే మా నాన్నగారు ఆ మొత్తానికి బ్యాంకు రుణం తీసుకున్నారు. కాబట్టి నేను అక్కడ ఇబ్బంది పడిన ప్రతి నెలా ఇక్కడ మా ఇంటి మీద భారంగానే పడింది.

నన్ను పంపిన కన్సల్టెన్సీవారు ఇంగ్లీషు చాలని ఒకటికి పదిసార్లు చెప్పారు. తరగతి గదిలో ఆ మాట నిజమే. పాఠాలు, పరీక్షలు, ప్రాజెక్టులు అన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి. తరగతి గది తలుపు దాటిన క్షణం నుంచి అంతా జర్మనే. గది కోసం నలభై మందికి పైగా ఇంగ్లీషులో రాస్తే ఇద్దరే బదులిచ్చారు. గదిలో చేరిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలన్నది అక్కడి చట్టం. ఆ నమోదు కార్యాలయంలో కాగితాలూ మాటలూ జర్మన్‌లోనే. అది వారి మొండితనం కాదని చెప్పడం న్యాయం. వారి చట్టం ప్రకారం ప్రభుత్వ కార్యాలయాల భాష జర్మనే.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టినవి ఉత్తరాలు. జర్మనీలో ముఖ్యమైన విషయం ఏదైనా ఇప్పటికీ తపాలా డబ్బాలోకే వస్తుంది. మొదటి శీతాకాలంలో వచ్చిన ఒక ఉత్తరాన్ని ప్రకటన కాగితమనుకుని పక్కన పెట్టాను. రేడియో, టీవీల నిర్వహణకు ప్రతి ఇంటి నుంచి నెలకు 18.36 యూరోల చొప్పున వసూలు చేసే రుసుము కోసం వచ్చిన ఉత్తరం అది. ఇంట్లో టీవీ లేకపోయినా కట్టవలసినదే. ఆ తర్వాత హెచ్చరిక ఉత్తరం, దాని వెనుక ఆలస్య రుసుము వచ్చాయి. పొరపాటు నాదే. కాని ఆ కాగితం మీద ఏముందో చదవగలిగి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు.

నాతో పాటు ఉండే చిత్తూరు అమ్మాయికి ఒక రాత్రి విపరీతమైన కడుపునొప్పి వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరుకు ఇంగ్లీషు వచ్చు, నర్సుకు రాదు. మా అవస్థ అంతా నర్సు దగ్గరే. నొప్పి పొడుస్తున్నట్టుందా, మెలిపెడుతున్నట్టుందా, మండుతున్నట్టుందా అన్నది వైద్యానికి ఎంత అవసరమో ఆ రాత్రి తెలిసింది. తెలుగులో క్షణంలో చెప్పగలిగిన ఆ తేడాను ఫోనులో అనువాదం చేసి చూపించడానికి మాకు పది నిమిషాలు పట్టింది. ఆమె కోలుకుంది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఏమైనా సరే జర్మన్ నేర్చుకుని తీరాలని ఇద్దరం అనుకున్నాము.

పార్ట్‌టైం ఉద్యోగాల సంగతీ అంతే. 2024 మార్చి నుంచి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి దినాలు పనిచేయవచ్చు. భాష రానివారికి దొరికేవి ఎక్కువగా గోదాముల్లో పెట్టెలు మోసే పనులు. చదివిన చదువుకు తగిన పని కావాలంటే, ఎన్నో సంస్థలు కనీసం బి1 స్థాయి జర్మన్ అడుగుతున్నాయి. ఏ1 నుంచి సీ2 వరకు ఉన్న ఆరు స్థాయిల్లో అది మూడవది. కాలేజీ చదువుతో పాటు రోజుకు రెండు గంటల చొప్పున కూర్చుంటే నాకు అందుకు పది నెలలు పట్టింది. అదే పది నెలలు తిరుపతిలో, అమ్మ చేతి అన్నం తింటూ, కష్టమైన పరీక్షల ఒత్తిడి లేకుండా గడిపి ఉండవచ్చు కదా అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

భాష వచ్చాక ఆ ఊరే వేరుగా కనిపించింది. మా కింది అంతస్తులో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఉంటారు. ఆ ప్రాంతం ఒకప్పుడు కమ్యూనిస్టు తూర్పు జర్మనీలో ఉండేది కాబట్టి ఆమె బడిలో నేర్చుకున్న పరభాష రష్యన్. ఇంగ్లీషు దాదాపు రాదు. మొదటి ఏడాది మా మధ్య నడిచింది తలాడింపులు, చిరునవ్వులే. జర్మన్‌లోనూ మన తెలుగులోలాగే పెద్దలకు, పరిచయం లేనివారికి ‘మీరు’, దగ్గరివారికి ‘నువ్వు’ ఉన్నాయి. ఒకరోజు ఆమే నన్ను ఆపి, ఇక మీదట ‘నువ్వు’ అనే పిలువు అన్నారు. ఆ ఒక్క మాటతో ఆ దేశంలో నాకొక మనిషి దొరికినట్లయింది. నిరుడు అక్టోబరు 9న కొవ్వొత్తుల వేడుకకు నన్ను వెంట తీసుకువెళ్లారు. 1989లో అదే రోజున సుమారు 70,000 మంది స్వేచ్ఛ కోరుతూ, కమ్యూనిస్టు ప్రభుత్వానికి భయపడకుండా ఆ నగర వీధుల్లో నడిచారని, వారిలో తానూ ఉన్నానని, సైనికులు కాల్పులు జరుపుతారేమోనన్న భయంతో పిల్లలను చెల్లెలి ఇంట్లో వదిలి వెళ్లానని చెప్పారు. సరిగ్గా నెల తర్వాత, తూర్పు, పశ్చిమ బెర్లిన్‌లను విడదీసిన బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఇంగ్లీషు చాలనుకుని ఉంటే, రెండేళ్లు ఆమె నెత్తిమీద గదిలోనే ఉండి కూడా ఈ సంగతి వినకుండానే తిరిగి వచ్చేదాన్ని.

పరాయి భాష మనకు రాదని భయపడేవారికి ఒక్క విషయం గుర్తుచేస్తాను. అలిపిరి దగ్గర కొబ్బరికాయలు అమ్మేవారు, కొండకు జీపులు నడిపేవారు ఏ బడికీ వెళ్లకుండానే తమిళం, కన్నడం, హిందీ చక్కగా మాట్లాడుతున్నారు. చిత్తూరులో రెండు భాషలు నడవని వీధి అరుదు. అటువంటి చోట పుట్టిన పిల్లలకు జర్మన్ అసాధ్యమని చెప్పడం వారిని తక్కువ చేయడమే. లోపం వసతిలో ఉంది. ఈ సెలవుల్లో జర్మన్ పరీక్ష రాయడానికి నేను తెల్లవారుజామున బస్సెక్కి చెన్నైకి వెళ్లవలసి వచ్చింది. ఇన్ని కళాశాలలున్న తిరుపతిలో సాయంత్రపు తరగతులు, తక్కువ రుసుముతో, చివరి ఏడాది విద్యార్థులకైనా ఎందుకు పెట్టకూడదో విశ్వవిద్యాలయ అధికారులు ఆలోచించవలసిందిగా కోరుతున్నాను. తల్లిదండ్రులు కూడా కన్సల్టెన్సీకి డబ్బు కట్టే ముందు, పిల్లలు బి1 దాకా చదివాకే పంపుతామని గట్టిగా చెప్పవలసిందిగా మనవి.

మార్చి నెలాఖరు వరకు నేను ఊళ్లోనే ఉంటాను. ఏ కళాశాలవారు పిలిచినా, ఏమీ ఆశించకుండా వచ్చి మొదటి పాఠాలు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని,
కొర్లగుంట, తిరుపతి.