రెక్క మీద బట్ట

మిల్టన్ కీన్స్, ఇంగ్లండ్
ఆదివారం రాత్రి

నాన్నకు నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. ఉద్యోగం మామూలే, ఆ సంగతి వదిలేయండి. అన్నం రోజూ వండుకుంటున్నాను. బయట తింటున్నానని అమ్మకు ఎవరు చెప్పారో గానీ, నిజం కాదు. కంట్లో చుక్కలు మానకుండా వేసుకుంటున్నారా?

నిన్న గదిలో ఉండబుద్ధి కాక, స్నేహితుల కారెక్కి ఓల్డ్ వార్డెన్ అనే ఊరు వెళ్లాను. అక్కడ షటిల్‌వర్త్ వాళ్ల పాత విమానాల షెడ్లున్నాయి. గ్లాడియేటర్ అనే యుద్ధవిమానం చూశాను. పైనొక రెక్క, కిందొక రెక్క, మధ్యలో ఊతకమ్ములు, తీగలు. బ్రిటన్ వాయుసేన వాడిన రెండు రెక్కల ఫైటర్లలో అదే ఆఖరుది. ఇంజను 840 హార్స్ పవర్, మెషిన్ గన్‌లు నాలుగు. ఇవి తమ్ముడికి చెప్పండి. మీకు చెప్పాల్సింది వేరే.

దాని రెక్కలకు రేకు కాదు నాన్నా, బట్ట! లోపల లోహపు ఎముకలు, పైన బట్ట. ఆ రోజుల్లో ఐర్లాండ్ లినెన్ వాడేవారట. మన అవిసె గింజలున్నాయే, ఆ మొక్క నారతో నేసేది. మైనం పట్టించిన దారంతో ఎముక ఎముకకూ కుట్టి, పైన డోప్ అనే పూత పూస్తారు. ఆరేకొద్దీ బట్ట బిగుసుకుని, వేలితో కొడితే డప్పులా మోగుతుంది. మన పడుగుకు గంజి ఎలాగో దానికి డోప్ అలాగ. ఆ కుట్టుపని ఎక్కువగా ఆడవాళ్లే చేసేవారట. కండెలు చుట్టి చుట్టి కాయకాసిన అమ్మ వేలు గుర్తొచ్చింది.

అక్కడున్న పెద్దాయన పూత పూయని ముక్క ఒకటి చేతికిచ్చాడు. మీలాగే బొటనవేలితో నలిపి, వెలుతురుకు పెట్టి పడుగూ పేకా చూశాను. "బట్ట సంగతి నీకు తెలుసా?" అన్నాడు. "మా నాన్న నేస్తారు" అన్నాను. ఇక్కడికొచ్చాక ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఎందుకని అడగొద్దు. ఆయన కుర్చీ తెచ్చి వేసి, గుంటమగ్గం ఎలా ఉంటుందో పావుగంట అడిగాడు.

గ్లాడియేటర్ దళంలో చేరింది 1937లో. ఒకే వరస రెక్కలున్న కొత్త రకం ఫైటర్ స్పిట్‌ఫైర్ 1936లోనే ఎగిరింది. అంటే ఇది వచ్చేసరికే పాతబడింది. అయినా 1940లో ఇటలీ విమానాలు మాల్టా దీవి మీద పడ్డప్పుడు మొదట ఎదురెళ్లింది ఇవే. అందులో ఒకదాని మొండెం అక్కడి మ్యూజియంలో ఇంకా దాచుకున్నారు.

మగ్గం విప్పేసి కర్ర అమ్మేస్తున్నారని తమ్ముడు చెప్పాడు. మోకాళ్ల నొప్పి నాకు తెలుసు, నెయ్యమని అనను. పోయిన నెల డబ్బు ఆలస్యమైంది, అందుకేనా? నేనేమీ ఖర్చు పెట్టేసుకోలేదు నాన్నా, జీతమే ఆలస్యంగా పడింది. పదో తారీఖుకు పంపుతాను, టెన్షన్ పడొద్దు. సంక్రాంతికి వస్తున్నాను. అందాకా దాన్ని కదిలించొద్దు. ఒక్కసారి గుంట పక్కన కూర్చోవాలని ఉంది.

నాయనమ్మకు స్వెటర్ కొన్నాను. నీలం రంగుది. చుక్కలు మరవొద్దు.

మీ పెద్దమ్మాయి