గుంటూరు భోజనానికి ఫ్రెంచి సీసా

విజయవాడ

ఒరేయ్ ప్రసాద్,

నీ ఉత్తరమూ అందింది, అల్లుడుగారు పంపిన సీసా ఫోటోను నువ్వు నాకు పంపిందీ అందింది. అల్లుడుగారు ఫ్రాన్స్ నుంచి వైన్ తెస్తున్నారు, ఆదివారం భోజనానికి చెల్లెమ్మ గోంగూర మాంసం వండాలని నిశ్చయించుకుంది. నువ్వేమో ఏ గ్లాసులో పోయాలి, ఎంత పోయాలి, ముందు వాసన చూడాలా తాగాలా అని రెండు పేజీల ప్రశ్నలు రాశావు. బ్యాంకు వాళ్లు నన్ను ద్రాక్షతోటల నాసిక్‌కు బదిలీ చేసిన పుణ్యమా అని వీటిలో చాలావాటికి నా దగ్గర జవాబులున్నాయి. ఓపికగా చదువు.

సీసా మీద మెదోక్ అని ఉంది. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో జిరోండ్ నదీముఖానికి ఎడమ ఒడ్డు అది. గులకరాళ్ల నేల, కాబెర్నే సావిన్యోన్ అనే నల్ల ద్రాక్ష ఎక్కువ, అంటే ఎర్ర వైన్. అల్లుడుగారు మంచి సీసానే ఎంచారు. గోంగూరతో మాత్రం దానికి బొత్తిగా పడదు.

మాంసానికి ఎర్ర వైన్, చేపకు తెల్ల వైన్ అని ఎవరో చెప్పారన్నావు. ఆ సూత్రం కట్టినవాళ్లు మాంసానికి ఉప్పు, వెన్న, కాస్త మిరియప్పొడి పట్టించి కాల్చుకు తినేవాళ్లు. వాళ్ల కంచంలో పెద్ద రుచి మాంసానిదే. మన కంచంలో ముందు కారం, దాని వెనక పులుపు, ఆపైన ఉప్పూ మసాలా, చివరికి ఎక్కడో పాపం మేక. అందుకే మన ఊళ్లలో వైన్ ఎంచేటప్పుడు కూరలో ఉన్నది మాంసమా చేపా అన్నది నేను పట్టించుకోను. కారం ఎంత, పులుపు ఎంత అని అడుగుతాను.

కారం సంగతి విను. మీ యార్డులో బస్తాలు బస్తాలుగా అమ్ముడయ్యే సన్నం మిర్చిలో కాప్సైసిన్ ఉంటుంది. అది నాలుక మీద రుచి మొగ్గల జోలికి పోదు, వేడిని పసిగట్టే గ్రాహకాలను తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాలు మామూలుగా 42 డిగ్రీల దగ్గర స్పందిస్తాయి. ఆల్కహాల్ తగిలితే 34 దగ్గరే స్పందించడం మొదలుపెడతాయని శాస్త్రవేత్తలు తేల్చారు. మన ఒంటి వేడే 37 కదా! అంటే కారం తిన్న నోట్లో 14 శాతం ఆల్కహాల్ ఉన్న ఎర్ర వైన్ పోస్తే మంట ఆరడం అటుంచి, ఇంకా పెరుగుతుంది. దానికి తోడు వగరు. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్ల నోరు పొడిబారి, చిగుళ్లు పట్టేసినట్టు ఉంటుంది. కొవ్వూ ఉప్పూ ఉన్న మాంసంతో తింటే ఈ వగరు మెత్తబడుతుంది. కారంతో తింటే గరగరలాడుతుంది. ఇక గోంగూర పులుపు. తిండి కంటే వైన్‌లో పులుపు తక్కువైతే ఆ వైన్ నీళ్లలా చప్పబడిపోతుంది. మీ అల్లుడుగారి మెదోక్ గోంగూర మాంసం ముందు మూడు విధాలా ఓడిపోతుందన్నమాట.

గోంగూరకు జోడీ కావాలంటే పులుపు బాగా ఉండాలి, కాస్త తీపి ఉండాలి, ఆల్కహాల్ తక్కువ ఉండాలి. ప్రపంచంలో ఈ మూడూ చక్కగా అమరినది జర్మనీలోని మోజెల్ నది ఒడ్డున పండే రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష వైన్. నిటారు కొండవాలు, పలకరాతి నేల, చలి దేశం. అక్కడ తేలిక రకానికి గుర్తుగా కాబినెట్ అని రాసి ఉన్న సీసాల్లో చాలావాటికి ఆల్కహాల్ 8, 9 శాతమే ఉంటుంది. సీసా మీద ఆ అంకె చూడడం అలవాటు చేసుకో. రీస్లింగ్‌లో అంకె అంత తక్కువగా ఉందంటే ద్రాక్షలోని చక్కెరంతా ఆల్కహాల్‌గా మారలేదని, తీపి కొంత మిగిలిందని అర్థం. మన దుకాణాల్లో రీస్లింగ్ కోసం కాళ్లరిగేలా తిరగడం దండగ. నాసిక్‌లో చేసే చెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ చాలు. ఆల్కహాల్ కొంచెం ఎక్కువైనా, దాని పులుపూ ఆ లేత తీపీ గోంగూరను తట్టుకుంటాయి.

నాసిక్ గురించి రాయడం మొదలుపెడితే నాకు పేజీలు చాలవు. మన గోదావరి పుట్టే త్ర్యంబకం ఆ పక్కనే. సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తు, శీతకాలం రాత్రుళ్లు గట్టి చలి. ఆ చలి రాత్రులే కాయలో పులుపును కాపాడతాయి. మన కోస్తాలో పగలూ రాత్రీ ఒకటే ఉక్క కాబట్టి ఇక్కడ ఆ పంట కుదరదు. యూరప్‌లో తీగ చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. ద్రాక్ష కోత ఆగస్టు చివర మొదలై అక్టోబరు దాకా సాగుతుంది. నాసిక్‌లో తీగకు నిద్రే లేదు. అందుకని రైతులు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. వేసవి మొదట్లో కత్తిరించేది కొమ్మల కోసం, వానలు వెనకపట్టాక కత్తిరించేది కాయ కోసం. కోత జనవరి నుంచి మార్చి దాకా. అంటే మనం సంక్రాంతి గొబ్బెమ్మలు పెట్టుకునే రోజుల్లో అక్కడ ద్రాక్ష బుట్టలకెక్కుతుంది. ఆ కాయ నోట్లో వేసుకుంటే నువ్వు మొహం చిట్లిస్తావు. బండి మీద అమ్మే ద్రాక్షలా ఉండదు. చిన్న కాయ, మందపు తొక్క, నిండా గింజలు, తీపి మాత్రం తినే రకాల కంటే ఎక్కువ.

నాసిక్‌లో వైన్ చేసే సూలా కంపెనీ వాళ్ల మొదటి వైన్ 2000లో వచ్చింది. సావిన్యోన్ బ్లాంక్, చెనిన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష రకాలతో మొదలుపెట్టారు. అంతకు ముందే బెంగళూరు దగ్గర నంది కొండల్లో గ్రోవర్ వాళ్లు ఫ్రెంచి రకాలు నాటి, బోర్డో నుంచి మిషెల్ రొలాన్ అనే నిపుణుణ్ణి సలహాదారుగా తెచ్చుకున్నారు. ఎర్ర వైన్లలో నాకు నంది కొండలవే నచ్చుతాయి, తెల్లవాటిలో నాసిక్‌వి. ఇది నా పక్షపాతమే అనుకో. ఇంకో మాట. పట్టిసీమ ఎత్తిపోతల వచ్చాక ఆ గోదావరి నీళ్లే ఇబ్రహీంపట్నం దగ్గర మన కృష్ణలో కలుస్తున్నాయి. అక్కడ గట్టు మీద నిలబడ్డప్పుడల్లా నాకు నాసిక్ తోటలు గుర్తొస్తాయి.

రుచి చూసే పద్ధతి అడిగావు. మన తెలుగు మాస్టారు కవిత్వాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని విడదీసి చెప్పేవారు గుర్తుందా? ద్రాక్షతోనే చేసినా వైన్ మాత్రం అచ్చమైన నారికేళపాకం. మొదటి గుక్కకు పీచే తగులుతుంది. గ్లాసులో మూడో వంతు మాత్రమే పొయ్యి. తెల్లగుడ్డ మీద వంచి రంగు చూడు. ఎర్ర వైన్ వయసు మీరేకొద్దీ అంచు ఇటుక రంగుకు తిరుగుతుంది. గ్లాసును గుండ్రంగా తిప్పితే వాసనలు పైకి లేస్తాయి, అప్పుడు ముక్కు లోపలికి పెట్టి పీల్చు. తరువాత చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పి, పెదవుల మధ్య నుంచి కాస్త గాలి లాగు. కొంచెం చప్పుడవుతుంది, సిగ్గుపడకు. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం నోటి వెనక నుంచి ముక్కుకు చేరే వాసనే. జలుబు చేస్తే కూర రుచి తెలియనిది అందుకే. నోరు ఊరితే పులుపు ఉంది. చిగుళ్లు పట్టేస్తే వగరు. గొంతు దిగేటప్పుడు వెచ్చబడితే ఆల్కహాల్. మింగాక ఆ రుచి ఎంతసేపు నిలుస్తుందో చూసుకో, మంచి వైన్ తొందరగా వదలదు.

వాసనల జాబితాలు చదివి బెదిరిపోకు. 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో బోర్డోలోనే వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లో ఎర్ర రంగు కలిపి ఇస్తే, ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారట. కళ్లు ముక్కును అంతగా ఏమారుస్తాయి. అలాగని వాసనలన్నీ ఊహలూ కావు. షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో వచ్చే మిరియాల ఘాటు రొటండోన్ అనే పదార్థానిది, మిరియాల్లో ఉన్నదీ అదే. సావిన్యోన్ బ్లాంక్‌లో పచ్చి కాప్సికం వాసన వస్తే, కాప్సికంలో ఉండే పదార్థమే ఆ వైన్‌లోనూ ఉందన్నమాట. కాబట్టి చెల్లెమ్మ మిరపకారం తగ్గించి మిరియాలతో కోడి వేపుడు చేసిన రోజున షిరాజ్ తెరువు. ఆ జోడీకి నేను హామీ.

నేర్చుకోవాలంటే ఒక్క సీసా తెరిచి కూర్చుంటే లాభం లేదు. రెండు పక్కపక్కన పెట్టుకోవాలి. పోల్చడానికి రెండోది ఉంటేనే పులుపు ఎక్కువో తక్కువో నాలుకకు తెలిసొస్తుంది.

మిగతా వంటల గురించి గబగబా చెప్పేస్తాను. పునుగులు, మిరపకాయ బజ్జీలకు బుడగల వైన్, నూనె జిడ్డును కడిగేస్తుంది. సీసా మీద బ్రూట్ అని ఉంటే తీపి తక్కువ, ఎక్స్‌ట్రా డ్రై అని ఉంటే చిత్రంగా దానికంటే తీపి ఎక్కువ. రొయ్యల వేపుడుకు చెనిన్ బ్లాంక్. ముద్దపప్పు, నెయ్యికి ఓక్ పీపాలో పెట్టిన షార్డొనే అనే తెల్ల వైన్. అరిసెలకు లేట్ హార్వెస్ట్ అని రాసి ఉన్న తీపి వైన్, ఎందుకంటే వైన్ మిఠాయి కంటే తియ్యగా లేకపోతే పుల్లగా తోస్తుంది. ఆవకాయ దగ్గరికి ఏ వైన్‌నూ తీసుకురావద్దు. దానికి మజ్జిగే సరి.

ఎర్ర వైన్ గది వేడిమిలో తాగాలని చెప్పినవాళ్ల గది 16 నుంచి 18 డిగ్రీలు. ఈ ఎండల్లో మీ బ్రాడీపేట గది సంగతి నాకు తెలియదా? మెదోక్‌ను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయి. తెల్లదాన్ని పొద్దున్నే పెట్టెయ్యి. అల్లుడుగారు సీసా ఇవ్వగానే వంటింటి గట్టు మీద మాత్రం పెట్టకు, వేడికి వైన్ ఉడికిపోతుంది. బీరువా అడుగున బట్టల మధ్య పెట్టు. స్టీలు గ్లాసులు వద్దు. పైన కాస్త ముడుచుకున్న సన్నటి గాజు గ్లాసులు చాలు.

భోజనాల దగ్గర అల్లుడుగారు 1855 అనే మాట ఎత్తవచ్చు. ఆ ఏడు పారిస్ ప్రదర్శన కోసం బోర్డో ఎర్ర వైన్లకు అయిదు తరగతులు కట్టారు. ఇప్పటికీ అవే చెల్లుతున్నాయి, 1973లో మూతోన్ రోథ్‌షీల్డ్ అనే తోటను రెండో తరగతి నుంచి మొదటిదానికి ఎక్కించడం తప్ప పెద్ద మార్పు లేదు. తల ఊపి ఊరుకో. మరీ గొప్పలు పోతే 1976 గుర్తు చెయ్యి. పారిస్‌లో ఫ్రెంచివాళ్లే న్యాయనిర్ణేతలుగా కూర్చుని, పేర్లు దాచి రుచి చూసి, తెల్లదాంట్లోనూ ఎర్రదాంట్లోనూ కాలిఫోర్నియాకే మొదటి స్థానం ఇచ్చారు.

ఇక ఆదివారం ఏర్పాటు. చెల్లెమ్మతో నా మాటగా చెప్పు: గోంగూర కలపకముందే నాలుగు మాంసం ముక్కలు పక్కకు తీసి, నేతిలో ఉప్పు, వెల్లుల్లి వేసి ఎర్రగా వేయించాలి. కారం చిటికెడు కూడా పడకూడదు. మొదట ఆ ముక్కలతో అల్లుడుగారి సీసా. మర్యాదా దక్కుతుంది, వైనూ దక్కుతుంది. ఆ తరువాత విస్తరి ముందు కూర్చున్నప్పుడు గోంగూరతో చెనిన్ బ్లాంక్, అది నేను తెస్తాను. మీ అమ్మగారు పక్క గదిలో ఉంటారు కాబట్టి బిరడా తీసే పని డాబా మీద పెట్టుకుందాం. మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టు, రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది.

నేను పదిన్నరకల్లా మీ ఇంట్లో ఉంటాను. మీ తమ్ముడికి ముందే చెప్పి ఉంచు, వైన్‌లో సోడా కలపరని.

నీ
మూర్తి